ఒకటిన్నర నకలు

సిరిసిల్ల బస్టాండులో దిగేసరికే సుదర్శన్‌రావుకు నడుము పట్టేసింది. కరీంనగర్ నుంచి ఎంత దూరమని, గంటన్నర ప్రయాణం. కానీ ఆర్నెల్లలో ఇది ఏడోసారి. ఒకే రోగానికి ఏడుసార్లు తిరగాల్సి వస్తే ఎంత ఓపికస్తుడైన డాక్టరుకైనా విసుగొస్తుంది. ఈయన డాక్టరు కూడా కాదు, కంప్యూటర్లు బాగుచేసేవాడు.

చొప్పదండి పక్క ఊళ్లో వాళ్ల తాత ఎదురొస్తే జనం చెప్పులు చేత పట్టుకుని పక్కకు జరిగేవాళ్లట. ఆ తాతకు మనవడై పుట్టి ఈయన మొదట రేడియోలు విప్పాడు, తర్వాత టీవీలు విప్పాడు, నలభై ఆరేళ్ల వయసులో ఇప్పుడు ఊరూరా తిరిగి టేబుళ్ల కింద దూరుతున్నాడు. తాత చూస్తే ఏమనేవాడో గాని, దూరిన ప్రతిసారీ తలకు బొప్పి కట్టడం మాత్రం తప్పడం లేదు.

బస్టాండు దాటి రెండు సందులు తిరిగితే దవాఖాన. అక్కడిదాకా ఇంటింటా సాంచెల చప్పుడే. సాంచెలంటే కరెంటు మగ్గాలు. పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా ఆగవు. వాటి ముందర నిలబడేవాళ్ల ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్మే. అందుకే ఎవరో పుణ్యాత్ములు ట్రస్టు పెట్టి ఇక్కడ ఛాతీ దవాఖాన తెరిచారు. టీబీ వచ్చినవాళ్లకు నెలల తరబడి గోలీలు పైసా తీసుకోకుండా ఉట్టిగానే ఇస్తారు. ఎవరు ఏ గోలి ఎన్నాళ్లు మింగారు, ఎవరికి ఏది పడలేదు, ఏది ఆపారు, ఇదంతా మొదట్లో కాగితం కార్డుల మీద ఉండేది. రెండేళ్ల కింద, తొంభై ఆరులో, ట్రస్టు వాళ్లు రెండు కంప్యూటర్లు పంపారు. ఆ సంబరంలో కార్డులు రాయడం మానేశారు. అక్కడ పడింది మొదటి తప్పడుగు. కానీ అప్పుడు అందరితో పాటు సుదర్శన్‌రావు కూడా చప్పట్లు కొట్టినవాడే.

ముందు గదిలో ఒక కంప్యూటర్. దాని ముందు దేవకి కూర్చుంటుంది. లోపలి గదిలో ఇంకొకటి. దాని ముందు ఎవరూ కూర్చోరు. రెండింటి మధ్య గోడకు మేకులు కొట్టి లాగిన వైరు. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు, అందరూ అన్నానికి లేచినప్పుడు, దేవకి మిషన్‌లో ఉన్నదంతా దానంతటదే ఆ వైరు గుండా పోయి లోపలి మిషన్‌లో ఒక నకలు పడాలి. ఆర్నెల్ల కింద సుదర్శన్‌రావు చేసిన ఏర్పాటు అది. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుందని. మనిషి గుర్తుపెట్టుకునే పనిలేదు, ఫికర్ లేదు అని అందరికీ గొప్పగా చెప్పాడు కూడా.

పడితే కదా. ఒకరోజు పడుతుంది, పది రోజులు పడదు. మళ్లీ రెండ్రోజులు పడుతుంది. వైరు మార్చాడు. వైరు కొసలకు తగిలించే బిళ్లలు మార్చాడు. మిషన్ లోపల ఆ వైరు తగిలే కార్డు విప్పి తుడిచి పెట్టాడు, ఆ తర్వాత కొత్తదే వేశాడు. గడియారం సరిచేశాడు. వచ్చిన ప్రతిసారీ తానే దేవకి కుర్చీలో కూర్చుని ఒకటిన్నర దాకా కాపలా కాసేవాడు. కళ్ల ముందర నకలు చక్కగా పడేది. హమ్మయ్య అనుకుని బస్సెక్కేవాడు. వారం తిరగకుండానే ఫోను.

ఫోనులో దేవకిని ఎప్పుడూ ఒకటే మాట అడిగేవాడు. "ఒకటిన్నరకు ముందర బంద్ చేస్తున్నవా?"

"చేస్తున్న సారు. ఒక్కనాడు గూడ మర్వలే."

గత నెలలో కథ ముదిరింది. దేవకి మిషన్‌లో డిస్కు కాలిపోయింది. నకలుంది కదా అని లోపల తీసి చూస్తే, ఉన్న చివరి నకలు మూడు వారాల కిందటిది. ఆ మూడు వారాల్లో రాసినవన్నీ గాలికి పోయాయి. అందులో ఐలవ్వది ఒకటి. ఐలవ్వ సాంచెలకు నూలు కండెలు చుట్టే ముసలామె. ఒక గోలి పడక ఆమె కళ్లు పచ్చబడితే డాక్టరు దాన్ని ఆపించాడు, దేవకి ఎక్కించింది. అదీ పోయింది. గోలీలు ఇచ్చే అంతయ్య పాత వివరం చూసి ఆ గోలి మళ్లీ కట్టిచ్చాడు. ఐలవ్వ మళ్లీ పచ్చబడి ఆరు రోజులు మంచం దిగలేదు.

నిన్న సాయంత్రం డాక్టరు ప్రేమ్‌సాగర్‌రావు ఫోను చేశాడు. ఆయన సుదర్శన్‌రావుకు వరసకు బావ, అందుకే ముక్కుసూటిగా మాట్లాడాడు.

"సుదర్శన్, తేదీలన్ని ముంగటేసుకోని చూసిన. దేవకి సెలవు పెట్టిన రోజు నకలైతది. ఆమె ఉన్న రోజు కాదు. ఇగ దీనికి ఇంజినీరు ఎందుకు? రేపు వచ్చి ఆఖరుసారి చూడు. రేపు గూడ కాకుంటే ఆమెను పంపిచ్చి వేరేవాళ్లను పెట్టుకుంట. నాకు మనుషుల పానాలతోని పని."

పంపిస్తే దేవకి ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు. పన్నెండేళ్ల వయసు నుంచి కండెలు చుట్టిన మనిషి ఆమె. ఆ దుమ్ముకే టీబీ తగిలి, ఇదే దవాఖానలో తొమ్మిది నెలలు గోలీలు మింగి బతికింది. పదో తరగతి పాసైంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ బావగారే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కుర్చీ పోతే మళ్లీ కండెల దగ్గరికే పోవాలి. రెండోసారి ఆ దుమ్ము మింగితే ఈ గోలీలు కూడా పనిచేయకపోవచ్చునని ఆమెకు చెప్పింది కూడా ఆయనే.

సుదర్శన్‌రావు లోపలికి వచ్చేసరికి పదకొండున్నర. దేవకి లేచి నిలబడి దండం పెట్టింది. నలభై ఏళ్లుంటాయి, చెక్కపేడులా సన్నగా ఉంటుంది. రాత్రంతా నిద్రపోని కళ్లు.

"కూసోన్రి సారు," అని కుర్చీ వదిలింది.

అలవాటు ప్రకారం కూర్చోబోయాడు. నడుములో కలుక్కుమంది. ఆ కుర్చీకి వీపు ఆనించే చెక్క లేదు. ఆ మధ్యే విరిగిందట. "వద్దులే, నువ్వు పని చేసుకో. జర లోపల చూసొస్త," అన్నాడు.

లోపలి మిషన్‌లో తేదీల జాబితా తీశాడు. బావ చెప్పింది నిజమే. మరదలి పెళ్లికని దేవకి మూడు రోజులు పోయింది, మూడు నకళ్లు. జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు, రెండు నకళ్లు. ఆ రోజుల్లో ఆమె కుర్చీలో కూర్చున్నది అంతయ్య. ఇద్దరు రోగుల వివరాలు ఎక్కించి, ఏది నొక్కితే ఏమవుతుందోనని ప్రోగ్రామ్ మూసేసి, తెర మీద బొమ్మ చూస్తూ కూర్చుని, ఒంటిగంటకు ఇంటికి పోయే రకం అంతయ్య. అంత పనిదొంగ ఉన్నప్పుడు నకలు పడుతుంది. ఒక్క అక్షరం తప్పు పోనివ్వని మనిషి ఉన్నప్పుడు పడదు. ఇవి కాక మిగిలినవి తాను వచ్చిన ఆరు రోజుల తేదీలు. ఈమె కావాలనే ఏదైనా చేస్తోందా అన్న అనుమానం ఆయనకు రాకపోలేదు. వచ్చినందుకు సిగ్గూ వేసింది. సిగ్గుపడే ఓపిక కూడా లేక అలాగే వదిలేశాడు.

వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా మరోసారి తడిమి చూశాడు. ఏమీ లేదు. విసుగెత్తి నిజంగా యాష్టకొచ్చింది. ముందు గదిలోకి వచ్చి రోగుల బెంచీ మీద కూలబడ్డాడు. మిషన్ జోలికి పోబుద్ధి కాలేదు. కావాలంటే దానంతటదే పడనీ, లేకుంటే లేదు.

బెంచీకి ఆ చివర ఐలవ్వ కూర్చుని ఉంది. మనిషి సగమైంది. కళ్లల్లో పసుపు ఇంకా పూర్తిగా విరగలేదు. జరిగి చోటిచ్చింది.

"పానం మంచిగ లేదా దొరా?" అంది.

"నడుము నొస్తుందవ్వా. నన్ను దొర అనకు."

"మంచిది దొరా," అంది ఐలవ్వ.

దేవకి పనిచేస్తూనే ఉంది. ఒక్కొక్కరిని పిలవడం, అడగడం, ఎక్కించడం, చదివి వినిపించడం. ఒకటీ ఇరవై అయ్యేసరికి గడియారం వైపు చూసింది. ప్రోగ్రామ్ మూసింది. తర్వాత, సుదర్శన్‌రావు చూస్తుండగానే, ఒకటి తర్వాత ఒకటి పద్ధతిగా నొక్కి, ఆయన నేర్పినట్టే తూచా తప్పకుండా, మిషన్ మొత్తాన్ని ఆర్పేసింది. తెర నల్లబడింది. మిషన్ మీద గుడ్డ కప్పి, సద్దిగిన్నె తీసుకుని లేచింది.

ఆయన బెంచీ మీద ముందుకు జరిగాడు.

"దేవకీ. మిషన్ ఎందుకు ఆర్పినవ్?"

ఆమె నిలబడిపోయింది. "ఒకటిన్నర అయితుంది గద సారు."

"అయితే?"

"అయితే బంద్ చెయ్యాలె గద. మీరే చెప్పిన్రు గద సారు."

గోడ వైపు చూపించింది. అక్కడ సన్నని కాగితం, నాలుగు మూలలా మైదాపిండితో అతికించింది. సుదర్శన్‌రావు చేతిరాతే. ‘రోజూ ఒకటిన్నరకు ముందు తప్పనిసరిగా బంద్ చేయాలి. చేయకుంటే నకలు పడదు.’ కింద సంతకం, తారీఖు. బంద్ కింద రెండు గీతలు.

బంద్ చేయమంటే ఆయన మనసులో ఉన్నది ప్రోగ్రామ్ మూయమని. తెరిచి ఉన్న దాన్ని నకలు తీయలేదు కాబట్టి దాన్ని మూసి, మిషన్‌ను మాత్రం నడవనియ్యాలి. కానీ ఆ మాట రాయలేదు. ఎందుకు రాస్తాడు, తనకు తెలుసు కదా. చిన్నప్పటి నుంచి సాంచెల మధ్య పెరిగిన మనిషికి బంద్ అంటే ఒకటే అర్థం. సాంచె బంద్ చేయమంటే దాన్ని ఆపేయమని. ఆర్పేసిన మిషన్ నకలు ఎలా పంపుతుంది?  ఇక అంతయ్య కాగితం చదివితే కదా, ప్రోగ్రామ్ మూసి మిషన్‌ను అలాగే వదిలి పోయేవాడు. ఫోనులో తాను అడిగిందీ ఆ మాటే, ఆమె చెప్పిందీ ఆ మాటే. ఆర్నెల్లు ఇద్దరూ ఒకటే మాట అనుకుంటూ రెండు వేరే సంగతులు మాట్లాడుకున్నారు.

"మరి నేను వచ్చినప్పుడు నేను బంద్ చెయ్యలేదని నీకు అనిపియ్యలేదా?"

"మీరు ఇంజినీరు సారు గద. మీకు తెల్వనిదా అనుకున్న."

ఆయన లేచి మిషన్ మళ్లీ వెలిగించాడు. ప్రోగ్రామ్ తెరవకుండా అలాగే ఉంచి, నకలు వేళను ఆ ఒక్కరోజుకు రెండింటికి పది నిమిషాల ముందుకు మార్చాడు. ఇద్దరూ లోపలి గదిలో నిలబడ్డారు. సరిగ్గా ఆ వేళకు లోపలి మిషన్ గురగురమంది. జాబితాలో ఆనాటి తేదీ పడింది. దేవకి ఆ తేదీ వైపు చూసింది. ఇద్దరూ ముందు గదిలోకి వచ్చాక గోడ మీది కాగితం వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అంటే ఐలవ్వకు గట్ల అయింది నేను బంద్ చేసుడు వల్లనే," అంది.

సుదర్శన్‌రావు గడియారం వైపు చూశాడు. బావ వచ్చే వేళైంది. సంచిలో కొత్త వైరు ముక్క ఉంది. గోడ మీది కాగితం చింపి జేబులో వేసుకుని, వైరు పోయింది బావా, మార్చిన అంటే చాలు. ఆమె కుర్చీ ఆమెకుంటుంది, తన పేరు తనకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఏడు బస్సులెక్కిన మనిషికి ఆ మాత్రం దక్కకూడదా? నిజం చెప్పాలంటే ఆయన చేయి కాగితం దాకా పోయింది కూడా.

అప్పుడే డాక్టరు లోపలికి వచ్చాడు. "ఏమైంది? దొరికిందా?"

"దొరికింది బావా. వైరు..."

"తప్పు నాదే సారు," అంది దేవకి. చేతులు కట్టుకుని డాక్టరు ముందర నిలబడింది. "సారు మంచిగనే రాసిచ్చిన్రు. నాకే సమజ్ కాలే. రోజు మిషన్ ఆర్పేసి పోయిన. గందుకే నకలు పడలే. నాతోనే ఐలవ్వకు పానం మీదికొచ్చింది. నన్ను పంపియ్యున్రి సారు."

సుదర్శన్‌రావు కాగితం మీది చేయి తీసేశాడు. కుర్చీ కోసం రాత్రంతా నిద్రపోని మనిషి అడగకుండానే నిజం చెప్పింది. తాను ఆ నిజాన్ని వైరు కింద దాచబోయాడు. ఇంతకన్నా టేబుల్ కింద దూరడమే మర్యాదగా అనిపించింది ఆయనకు.

"వైరు గాదు బావా," అన్నాడు. "ఆమెది గాదు, తప్పు నాది. ప్రోగ్రామ్ మూసి మిషన్ నడువనియ్యి అని రాయాలె. బంద్ చెయ్ అని రాసిన. ఆమె రాసినట్టే చేసింది."

డాక్టరు అలసటగా నవ్వాడు. "నువ్వు చిన్నప్పటి సంది గంతే సుదర్శన్. ఎవలన్న ఏడిస్తే తప్పు నెత్తిన ఏసుకుంటవ్. చదువుకున్నది గద, గంత తెల్వదా?"

నిజం చెబితే దాన్ని మంచితనం ఖాతాలో వేసేవాడితో ఎలా వాదించాలి? సుదర్శన్‌రావు గదంతా కలయజూశాడు. బెంచీ మీద ఐలవ్వ కనిపించింది.

"అవ్వా, ఒక్కసారి ఇటు రా. జర గా మిషన్ బంద్ చెయ్యి."

ఐలవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. మిషన్‌ను ఎగాదిగా చూసింది. వెనకనుంచి పోయిన వైరును కళ్లతోనే వెతుక్కుంటూ గోడ దాకా పోయి, అక్కడున్న స్విచ్చి కిందికి నొక్కింది. టక్కున తెర ఆరిపోయింది.

"అయింది దొరా," అంది. "ఇంకేమన్న బంద్ చెయ్యాల్నా?"

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గోడ మీది కాగితాన్ని కాసేపు చదివాడు. నాలుగు ముక్కల కాగితాన్ని అంతసేపు చదవాల్సిన పనిలేదు. ఆ తర్వాత, మాట మార్చడానికో, నిజంగా గుర్తొచ్చో, ఐలవ్వను దగ్గరికి పిలిచి కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. మొహం ముడుచుకున్నాడు.

"దగ్గు మళ్ల మొదలైందేందవ్వా? గోలీలు ఏసుకుంటున్నవా?"

"లేదు సారు."

"ఎందుకు?"

"మీరే చెప్పిన్రు గద సారు," అంది ఐలవ్వ. "పొట్లం చేతుల పట్టుకోని, అవ్వా గిది బంద్ చెయ్ అంటిరి. చేసిన."

  పొట్లంలో నాలుగు రకాల గోలీలు. ఆయన వద్దన్నది ఒక్కటి. ఆమె ఆపింది నాలుగూ. పన్నెండు రోజుల నుంచి ఆ రోగానికి అడ్డం నిలబడేవాడు లేడు.

సుదర్శన్‌రావుకు బావను చూస్తే జాలేసింది. తన తప్పుకు తోడు దొరికిందన్న సంతోషం రాలేదు. కాసేపటి కిందట తాను నిలబడ్డ చోటే ఇప్పుడు ఆయన కూర్చున్నాడు. ఆ చోటు ఎంత ఇరుకుగా ఉంటుందో ఈయనకు తెలుసు.

"పొట్లం తెచ్చినవా?" అన్నాడు డాక్టరు. 

ఐలవ్వ కొంగుముడి విప్పి టేబుల్ మీద పెట్టింది. ఆయన బంద్ చెయ్ అన్న నాటి నుంచి ఒక్క గోలి కూడా తగ్గలేదు. ఎంత భద్రంగా ఆపిందో అలాగే ఉన్నాయి.

"దేవకీ, రాసుకో," అన్నాడు డాక్టరు.

దేవకి కదల్లేదు. ఎక్కడ కూర్చుని రాయాలో తెలియనట్టు నిలబడింది. పంపేస్తున్నారో ఉంచుతున్నారో ఇంకా ఎవరూ చెప్పలేదు కదా. డాక్టరు లేచి స్విచ్చి వేశాడు. వీపు చెక్క లేని ఆ కుర్చీని మిషన్ ముందరికి తానే జరిపాడు. ఆమె కూర్చుంది. ప్రోగ్రామ్ తెరుచుకునేదాకా ఆగి, ఐలవ్వ పేరు తీసి, మీటల మీద వేళ్లు పెట్టి, అలాగే ఆగిపోయింది.

"సారు," అంది. "ఏది ఆపాలె, ఏది మింగాలె, ఒక్కొక్కటి చేతుల పట్టుకోని చెప్పున్రి. అవ్వకు గూడ ఇనబడేటట్టు. అవ్వ మళ్ల మనకు చెప్పినంకనే నేను ఎక్కిస్త."

ఆ గొంతులో కోపం లేదు, భయం కూడా లేదు. చేసే పని మీద ఉండే పట్టింపే ఉంది. ప్రేమ్‌సాగర్‌రావు పొట్లం విప్పి గోలీలను రకం వారీగా వేరుచేయడం మొదలుపెట్టాడు. ఒకటి చేజారి కింద పడితే, సుదర్శన్‌రావు నడుము పట్టుకుని టేబుల్ కిందికి వంగాడు.